పర్లాకిమిడి తమ్ముడికి: నేవీ అణు విభాగంలో చేరి, తర్వాత సొంత వ్యాపారం పెట్టాలంటే

పర్లాకిమిడి తమ్ముడు:

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. అమ్మ నర్సు. ఆవిడ ఉద్యోగం మీద గ్రీన్‌కార్డులు వచ్చి ఈ మధ్యే అందరం సౌత్ కరోలినా వచ్చాం. నేను కమ్యూనిటీ కాలేజీలో చేరాను. లెక్కలు, ఫిజిక్స్ బాగానే వచ్చు. మా ఇంటికి దగ్గర్లో గూస్ క్రీక్‌లో నేవీ వాళ్ల అణు విద్యుత్ శిక్షణ కేంద్రం ఉంది. అందులో చేరి కొన్నేళ్లు చేసి, బయటికొచ్చాక సొంత వ్యాపారం పెట్టాలని నా ఆశ. నాన్నగారు మాత్రం ఇప్పుడే ఒక మోటెల్ కొందామంటున్నారు. మనవాళ్లలో ఈ దారిన వెళ్లినవాళ్లుంటే చెప్పండి.

బరంపురం అన్న, వర్జీనియా:

తమ్ముడూ, నేనున్నాను. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చి, సిటిజన్ అయ్యాక సబ్‌మెరైన్‌లో రియాక్టర్ విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఆస్పత్రులకీ హోటళ్లకీ బాయిలర్లు, ఏసీ యంత్రాలు చూసే చిన్న కంపెనీ నాది. నువ్వు అడిగింది నేను నడిచిన దారే, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు గ్రీన్‌కార్డు సంగతి. దానితో నేవీలో చేరొచ్చు గానీ అణు విభాగంలోకి తీసుకోరు. అక్కడికి అమెరికా పౌరసత్వం కావాలి, సీక్రెట్ క్లియరెన్స్ కావాలి, అంటే రహస్య సమాచారం చూడటానికి ప్రభుత్వం విచారించి ఇచ్చే అనుమతి. మామూలుగా గ్రీన్‌కార్డు మీద ఐదేళ్లుంటే గానీ పౌరసత్వం అడగలేం. కాబట్టి రిక్రూటర్ ఎంత తియ్యగా మాట్లాడినా, ఇవాళ సంతకం పెడితే నీకు వచ్చేది వేరే పని. ఈలోగా చదువు ఆపకు. డిగ్రీ పూర్తయితే ఆఫీసర్‌గా వెళ్లే వీలు కూడా ఉంటుంది. దానికి కాలిక్యులస్ ఒక ఏడాది, కాలిక్యులస్‌తో కూడిన ఫిజిక్స్ ఒక ఏడాది చదివి ఉండాలి. ఆ అభ్యర్థుల్ని ఒక్కొక్కరినీ, నేవీ రియాక్టర్లన్నీ చూసే నేవల్ రియాక్టర్స్ సంస్థకి డైరెక్టర్‌గా ఉన్న అడ్మిరలే కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తారు. 1955 జనవరిలో మొట్టమొదటి అణు సబ్‌మెరైన్ నాటిలస్ అణుశక్తితో కదిలిందంటే దాని వెనక ఉన్న మనిషి అడ్మిరల్ రికోవర్. ఈ ఇంటర్వ్యూ పద్ధతి ఆయన పెట్టినదే.

రెండోది నీకు ఏ రిక్రూటరూ చెప్పడు. ఇంకో దేశపు సైన్యంలో ఉన్నవాళ్లకీ, అక్కడ రిటైరైనవాళ్లకీ భారత ప్రభుత్వం ఓసీఐ కార్డు ఇవ్వదు. వేరే దేశపు పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా ఇండియా వచ్చిపోయే కార్డు అది. మా బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. దేశిబెహెరా వీధిలో అమ్మవారిని కూర్చోబెడతారు, ఊరంతా అక్కడే ఉంటుంది. ఆ వీధికి వెళ్లాలంటే నేను వీసా తీసుకోవాలి. పౌరసత్వం కాగితాలు మొదలుపెట్టకముందే అమ్మానాన్నలకి ఈ మాట చెప్పు. ఆ తర్వాత తెలిస్తే వాళ్లకి చాలా కష్టంగా ఉంటుంది.

క్లియరెన్స్ ఫారంలో ఇండియాలో ఉన్న దగ్గరి చుట్టాలు, ఆస్తులు, బ్యాంకు ఖాతాలు, ప్రయాణాలు అన్నీ అడుగుతారు. పర్లాకిమిడిలో తాతగారి ఇంట్లో నీకు వాటా ఉంటే రాయి. చుట్టాలు ఉన్నారని భయపడక్కర్లేదు. ఉన్నదాన్ని దాచితేనే కొంప మునుగుతుంది.

ఇక శిక్షణ. మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అని మూడు శాఖలు. ముందు నీ శాఖ చదువు, తర్వాత ఆర్నెల్లు పవర్ స్కూల్, ఆపైన ఇంకో ఆర్నెల్లు నిజం రియాక్టర్ దగ్గర. నోట్సు రహస్యం కాబట్టి ఇంటికి తెచ్చుకోనివ్వరు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఆ బిల్డింగులోనే కూర్చుని చదవాలి. ఒప్పందం ఆరేళ్లు. మనసు ఎటూ తేలనప్పుడు సంతకం పెట్టే పని కాదిది.

అక్కడ నేర్చుకున్నదాంట్లో వ్యాపారానికి పనికొచ్చింది అణుశాస్త్రం కాదు. డ్యూటీలో ఉన్నప్పుడు గంట గంటకీ మీటర్లు చదివి లాగ్ పుస్తకంలో రాస్తాం. హద్దు దాటిన అంకె చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఎందుకు దాటిందో రాసి, పైవాడికి చెప్తాం. ఆర్డరిస్తే అవే మాటలు ఉన్నదున్నట్టు తిరిగి పలికి, ఆ తర్వాతే వాల్వు మీద చెయ్యి వేస్తాం. ఫలానా పని వచ్చని నోటితో అంటే చాలదు. కార్డు మీద ఒక్కో పనికీ తెలిసినవాడు పరీక్ష పెట్టి సంతకం చేయాలి.

నా కంపెనీ ఈ పద్ధతి మీదే నడుస్తోంది. ఒక ఆస్పత్రిలో బాయిలర్ బాగానే తిరుగుతోంది, ఎవరికీ ఫిర్యాదు లేదు. కానీ మా కుర్రాడు రాసిన లాగ్‌లో, అంతే లోడు మీద, పొగగొట్టం వేడి వారం వారం కాస్త కాస్త పెరుగుతోంది. అంటే ట్యూబులకి లోపల సున్నప్పొర అయినా పట్టాలి, బయట మసి అయినా పేరుకోవాలి. తెరిచి చూస్తే సున్నప్పొరే. నీళ్లలోని సున్నం తీసే యంత్రం సరిగా పనిచెయ్యడం లేదు. శీతాకాలం రాకముందే బాగు చేశాం. ఆ ఆస్పత్రి వాళ్లు మరుసటి ఏడాది మిగతా బిల్డింగులు కూడా మాకే ఇచ్చారు. మా నాన్న బడ బజార్‌లో నూలు కొట్టు నడిపేటప్పుడు రాత్రి చిట్టా రాయందే అన్నానికి కూర్చునేవాడు కాదు. నేను లాగ్‌ని అలాగే చూస్తాను.

నేవీ నేర్పనివీ ఉన్నాయి. ఒక పనికి ఎంత అడగాలో అక్కడ ఎవరూ చెప్పరు. సామాను కావాలంటే వస్తుంది, దాని ధర నీకు తెలియనే తెలియదు. బయట పెద్ద ఆస్పత్రి బిల్లు అరవై రోజులకి కడుతుంది, నీ మనుషులకి మాత్రం రెండు వారాలకోసారి జీతం పడాలి. ఈ మధ్యలో దమ్మిడీ లేక మూతపడిన కంపెనీలు చాలా చూశాను, వాటిలో పనివాళ్లు మంచివాళ్లే. అందుకని సర్వీసులో ఉండగానే అకౌంటింగ్ ఒక కోర్సు చెయ్యి. బయటికొచ్చేటప్పుడు బూట్స్ టు బిజినెస్ అని రెండ్రోజుల క్లాసు పెడతారు, దానికి వెళ్లు. ఆఖరి నెలల్లో స్కిల్‌బ్రిడ్జ్ అనే పథకం కింద బయట కంపెనీలో పని నేర్చుకోవచ్చు. గరిష్ఠం 180 రోజులు, నీ ర్యాంకునీ పై ఆఫీసర్ అనుమతినీ బట్టి ఉంటుంది.

నాన్నగారి మోటెల్ ఆలోచనని తీసిపారెయ్యకు. కుటుంబం అంతా ఒకచోట ఉండి పనిచేసుకునే వ్యాపారం అది, ఆయనకి అందులోని భరోసా కనిపిస్తోంది. కానీ రాత్రి రెండింటికి గది తలుపు తట్టే అతిథిని ఎవరు చూస్తారో ఇంట్లో మాట్లాడుకోండి. అమ్మ నైట్ డ్యూటీలు, నీ కాలేజీ పోగా మిగిలేది ఆయనొక్కరే. నీ వరకైతే, చేతికి వచ్చిన పనిలో నడుస్తున్న కంపెనీని కొనమంటాను. వయసు మీద పడి, పిల్లలు ఆ పనిలోకి రాక అమ్ముకునే యజమానులు ఈ రంగంలో చాలామంది. నేనూ అలాంటాయన దగ్గరే కొన్నాను. చిన్న వ్యాపారాలకి సాయం చేసే ప్రభుత్వ సంస్థ ఎస్‌బీఏ. దాని 7(ఎ) పథకం కింద బ్యాంకులు 50 లక్షల డాలర్ల దాకా అప్పు ఇస్తాయి. కంపెనీ కొనుగోలుకైతే కనీసం పదో వంతు మనం పెట్టుకోవాలి. వ్యక్తిగత పూచీ తప్పదు, అంటే వ్యాపారం పోతే ఇంటి మీదికి వస్తుంది.

రాయగడ అక్క, న్యూజెర్సీ:

నేను అకౌంటెంట్‌ని. అన్నయ్య చెప్పినదానికి కొన్ని కలుపుతాను.

బాబూ, ఇండియాలో మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ ఫైల్ చేయాలి, అంటే ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం. గ్రీన్‌కార్డు వాళ్లకీ ఇది వర్తిస్తుంది. మన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఫిక్స్‌డ్ డిపాజిట్లు లెక్కలోకి రావనుకుంటారు, వస్తాయి. ఊళ్లో స్థలం అమ్మి మోటెల్‌కి డబ్బు తెద్దామనుకుంటే ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియాలో పెట్టుకునే బ్యాంకు ఖాతా) నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా తేవచ్చు. దానికి ఆదాయపు పన్ను కాగితాలు కావాలి, బరంపురంలో ఏ చార్టర్డ్ అకౌంటెంట్ అయినా చేస్తారు. అమ్మకానికి ముందే ఆయనతో మాట్లాడండి.

కంపెనీ కొనేటప్పుడు అమ్మేవాడు నోటితో చెప్పే లాభం నమ్మొద్దు. మూడేళ్ల ట్యాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని చూడు. కొంచెం నగదు రాయలేదండీ అన్నాడంటే, ఆ రాయని డబ్బుకి నువ్వు ఒక్క డాలరు కూడా ఇవ్వొద్దు.

సునాబేడ అన్న, టెక్సాస్:

హెచ్‌ఏఎల్ విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ కాలనీలో పెరిగినవాడిని, ఇప్పుడు డేటా సెంటర్‌లో కరెంటు, కూలింగ్ చూస్తున్నాను. మా టీంలో నేవీ అణు విభాగం నుంచి వచ్చినవాళ్లు బోలెడుమంది. బరంపురం అన్నతో ఒక్క విషయంలో ఏకీభవించను. బయటికొచ్చిన వెంటనే కొనడం తొందర. రెండు మూడేళ్లు జీతానికి పనిచేస్తే కస్టమర్ ఎలా మాట్లాడతాడో, వేరేవాడి డబ్బుతోనే నేర్చుకోవచ్చు. పెళ్లి, పిల్లలు ఉంటే ఆ జీతమూ ఇన్సూరెన్సూ చిన్న విషయం కాదు.

బరంపురం అన్న:

పొదుపు లేకపోతే నీ మాటే సరైనది. చేతిలో ఏడాది ఇల్లు నడిచే డబ్బుంటే మాత్రం నేను ఆగమనను. ఇంకొకటి, కంపెనీలో మాజీ సైనికుడికి కనీసం 51 శాతం వాటా ఉంటే అది మాజీ సైనికుల కంపెనీ అని ఎస్‌బీఏ సర్టిఫికెట్ ఇస్తుంది, 2023 నుంచి ఆ పని వాళ్లదే. సర్వీసులో వైకల్యం వచ్చినట్టు నమోదైనవాళ్ల కంపెనీలకి ఫెడరల్ కాంట్రాక్టుల్లో 5 శాతం లక్ష్యం ఉంది. అందుకే వినికిడి తగ్గినా, నడుం పట్టినా సర్వీసులో ఉండగానే వైద్యుడికి చూపించి రికార్డులో రాయించుకోవాలి. మగాడికి నొప్పేంటని ఊరుకున్న స్నేహితులు నాకున్నారు, వాళ్లకి ఇప్పుడు రుజువు లేదు.

పర్లాకిమిడి తమ్ముడు:

అన్నయ్యా, అక్కా, చాలా థ్యాంక్స్. ఓసీఐ సంగతి రాత్రే ఇంట్లో చెప్పాను. అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు, ఐదేళ్ల టైముంది కదా, అప్పటికి చూద్దాం అంది. ఒక చిన్న సందేహం. పర్లాకిమిడిలో నా పేర స్కాలర్‌షిప్ కోసం తెరిచిన బ్యాంకు ఖాతా ఉంది. దాన్ని మూసెయ్యాలా?

రాయగడ అక్క:

మూసే పని లేదు బాబూ. బ్యాంకుకి రాసి ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించు, మామూలు సేవింగ్స్‌గా ఉంచకూడదు. పాస్‌బుక్ కాపీలన్నీ ఒక ఫైల్లో పెట్టుకో. రేపు క్లియరెన్స్ ఫారం నింపేటప్పుడు అవే అడుగుతారు.