కార్డిఫ్ పక్కన గార్త్ కొండ: అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ఉభయగోదారి:
అమ్మానాన్న వచ్చే నెల వేల్స్‌లో మా ఊరు కార్డిఫ్ వస్తున్నారు. మాకు కారు లేదు. అందరూ పెన్ ఇ ఫాన్ కొండ అంటున్నారు కానీ 886 మీటర్లు నాన్న మోకాళ్లతో అయ్యే పని కాదు. సిటీ నుంచి ఉత్తరం వైపు చూస్తే నెత్తిన చిన్న బొడిపెతో కనిపించే గార్త్ ఎలా ఉంటుంది? వెళ్లినవాళ్లు చెప్పండి.

సిక్కోలు_చిన్నోడు:
వెళ్లొచ్చు బ్రో. కానీ 307 మీటర్లే కదా అని తేలిగ్గా తీసుకోకు. రైల్లో టాఫ్స్ వెల్‌లో దిగితే దాదాపు నది ఒడ్డు నుంచి మొత్తం ఎక్కాలి. టాఫ్ నది దాటి గ్వైలోడ్ ఇ గార్త్ ఊళ్లోకి, అక్కడి నుంచి చెట్ల మధ్య నిటారు దారి. కష్టమంతా అక్కడే. పైన గట్టు మీదకి చేరాక గడ్డి, గొర్రెలు, హాయిగా నడవొచ్చు. మోకాళ్ల నొప్పులైతే పైన ఉన్న సన్న రోడ్డు దాకా టాక్సీలో పో. ఒక్క కారు పట్టే రోడ్డు, ఎదురుగా ఇంకోటి వస్తే ఎవరో ఒకరు రివర్స్ చేయాల్సిందే. తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకో.

లలిత_కార్డిఫ్:
గాలి గురించి ఎవరూ చెప్పరేంటండీ? మా అత్తయ్యగారు చీర మీద కోటు వేసుకుని వచ్చారు. పైన కొంగు సర్దుకోవడంతోనే సరిపోయింది, ఒక్క ఫోటో కూడా సరిగ్గా రాలేదు. అమ్మగారికి ప్యాంటు, మంచి గ్రిప్ ఉన్న బూట్లు కొనండి. వాన పడిన మర్నాడైతే బురద జారుతుంది.

ఆకాశం తేటగా ఉంటే మాత్రం పడిన శ్రమంతా మర్చిపోతారు. దక్షిణాన కార్డిఫ్ మొత్తం, దాని వెనక బ్రిస్టల్ ఛానల్, అందులో ఫ్లాట్ హోమ్, స్టీప్ హోమ్ దీవులు. 1897లో మార్కోని సముద్రం మీదుగా మొదటి వైర్‌లెస్ సందేశం పంపింది ఆ ఫ్లాట్ హోమ్ నుంచే. ఈ మాట చెప్పగానే మా మామయ్యగారు (రిటైర్డ్ టెలిఫోన్స్) అక్కడి నుంచి కదల్లేదు.

వరంగల్_వాసు:
హ్యూ గ్రాంట్ సినిమా కొండ ఇదే కదా? పర్వతం అనిపించుకోడానికి వెయ్యి అడుగులు లేదని ఊరోళ్లంతా మట్టి మోసి పైన దిబ్బ కట్టారంట.

పాతరాతి:
అన్నా, అది కథ. 1995లో వచ్చిన ఆ సినిమా డైరెక్టర్ టాఫ్స్ వెల్‌లో పుట్టినవాడే, కానీ షూటింగ్ జరిగింది ఇక్కడ కాదు, ఉత్తరాన వేరే కొండ మీద. గార్త్ మీదున్న దిబ్బ కంచు యుగం నాటి సమాధి. ఒక్కటి కాదు, గట్టు పొడవునా ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దదాని మీదే సర్వే వాళ్ల కాంక్రీటు స్తంభం నిలబెట్టారు. వేల ఏళ్ల సమాధి ఎక్కి సెల్ఫీ తీసుకుంటున్నామని చాలామందికి తెలియదు. రక్షిత కట్టడం, కనీసం రాళ్లూ మట్టీ కదిలించకండి.

సిక్కోలు_చిన్నోడు:
కొండ దిగాక వేడి బుగ్గ చూద్దామని మాత్రం ఆశపడొద్దు 😄 టాఫ్స్ వెల్ పార్కులో ఉన్నది వేల్స్ మొత్తానికీ ఒకే ఒక్క ఉష్ణ బుగ్గ. నీళ్లు దాదాపు 21 డిగ్రీలు, అంటే మన ఊళ్లో చలికాలం కుళాయి నీళ్లు. ఒకప్పుడు కీళ్ల నొప్పులవాళ్లు స్నానానికి వచ్చేవాళ్లట, ఇప్పుడు దిగనివ్వరు. ఆ వేడినే హీట్ పంపుతో పెంచి పక్కనున్న ప్రైమరీ స్కూల్‌కి వాడుతున్నారు. నాకైతే ఎదురు గట్టు మీదున్న కోట కంటే అదే గొప్పగా అనిపించింది.

లలిత_కార్డిఫ్:
కోటని అలా తీసిపారేయకండి! లోయకి అవతలి గట్టు మీద చెట్లలోంచి కనిపించే ఎర్ర బురుజులే కాస్తెల్ కోఖ్. 13వ శతాబ్దపు శిథిలాల మీద 1875 నుంచి బ్యూట్ ప్రభువు కోసం ఆర్కిటెక్ట్ విలియం బర్జెస్ కట్టించాడు. బొగ్గు, కార్డిఫ్ రేవుల డబ్బు మరి. లోపల గదుల్లో గోడలూ కప్పులూ నిండా పక్షులు, కోతులు, కథల బొమ్మలు. పెద్దవాళ్లకి బాగా నచ్చుతుంది, మెట్లు మాత్రం ఇరుకు. మరమ్మతులకి మూసేస్తుంటారు, బయల్దేరే ముందు కాడూ (కోటల్ని చూసుకునే వేల్స్ ప్రభుత్వ సంస్థ, Cadw) వెబ్‌సైట్ చూసుకోండి.

వరంగల్_వాసు:
మోకాళ్ల నొప్పికి ఇన్ని తిప్పలెందుకు? కెర్ఫిలీ తీసుకుపో. రైలు దిగి కాస్త నడిస్తే కోట, చుట్టూ నీళ్లు, చదును నేల. ఒరిగిపోయిన బురుజు చూస్తే నాన్నగారికి పీసా గుర్తొస్తది.

ఉభయగోదారి:
అందరికీ థాంక్స్. నాన్నకి కెర్ఫిలీ, అమ్మకి గార్త్ అనుకుంటున్నా. ఆవిడ శ్రీవారి మెట్టు నడిచే ఎక్కుతుంది, ఇబ్బంది లేదు. ఇంకో డౌట్: సెప్టెంబరులో ఫెర్న్ పొదల్లో పురుగులుంటాయా?

పాతరాతి:
టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) ఉంటాయి. ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, దారి వదలకండి, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక చూసుకోండి. అంటుకుని ఉంటే సన్న ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నెమ్మదిగా పైకి లాగాలి, నలపకూడదు. తర్వాత కొన్ని వారాల్లో అక్కడ గుండ్రంగా దద్దురు లేస్తే జీపీ (మీ ఏరియా డాక్టర్) దగ్గరికి వెళ్లండి.