హెచ్‌ఐసీసీలో కాన్ఫరెన్స్, ఆ వెంటనే పిల్లలతో ఫిల్మ్ సిటీ: ఎలా కుదుర్చుకోవాలి?

ప్రశ్న (విజయవాడ, ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్)

అందరికీ నమస్కారం. డిసెంబర్ రెండో వారంలో గురు, శుక్రవారాలు హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో (అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్) కాన్ఫరెన్స్ ఉంది. కాలేజీ తరఫున పేపర్ ప్రెజెంట్ చేయడానికి వెళ్తున్నాను. మర్నాడు రెండో శనివారం, మాకు సెలవు. పిల్లలు రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా రైడ్ల పార్కు చూపించమని ఎప్పటినుంచో అడుగుతున్నారు. బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి నాలుగు. అత్తయ్య గారు కూడా వస్తానన్నారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు.

మావారు రెండు రోజులు సెలవు పెడితే అందరం బుధవారమే కార్లో వెళ్లి మాదాపూర్‌లో దిగుదామని ఆలోచన. నేను కాన్ఫరెన్స్‌లో ఉన్నప్పుడు వాళ్లు సిటీ చూస్తారు. శనివారం ఫిల్మ్ సిటీ, ఆదివారం వండర్‌లా, రాత్రికి ఇల్లు. ఇది కుదిరే పనేనా? పిల్లలకి స్కూలు పోతుందని ఒక టెన్షన్, టీఏ (ప్రయాణ ఖర్చులు) దగ్గర ఆఫీసు వాళ్లు ఏమంటారో అని ఇంకో టెన్షన్. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

సమాధానం (హయత్‌నగర్)

మేడం, ముందు మ్యాప్‌లో ఈ రెండు చోట్లూ చూడండి. హెచ్‌ఐసీసీ సిటీకి పడమర వైపు, మాదాపూర్ దగ్గర. ఫిల్మ్ సిటీ తూర్పున, అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, విజయవాడ హైవే మీద. అంటే విజయవాడ నుంచి వచ్చేవాళ్లకి హైదరాబాద్ కంటే ముందే ఫిల్మ్ సిటీ తగులుతుంది. మీ ఇంట్లోవాళ్లు అసలు సిటీలోకి రావాల్సిన పనే లేదు. బుధవారం అందరూ మాదాపూర్ దాకా వచ్చి, మళ్లీ శుక్రవారం రాత్రి సామానంతా సర్దుకుని సిటీ దాటి వెనక్కి రావడం ఎందుకు?

నేనైతే ఇలా చేస్తాను. మీరు బుధవారం సాయంత్రం బస్సుకో రైలుకో ఒక్కరే రండి, చిన్న బ్యాగ్ చాలు. మీ కాలేజీ నుంచి ఇంకో మేడం వస్తుంటే రూమ్ పంచుకోండి. శుక్రవారం మీవారు ఒక్కపూట సెలవు పెట్టి మధ్యాహ్నం భోజనాలు కాగానే అందరినీ ఎక్కించుకుని బయల్దేరితే, దారిలో టీకి, టిఫిన్‌కి ఆగినా రాత్రి ఎనిమిదింటికి ఫిల్మ్ సిటీ చేరతారు. లోపలే సితార, తార హోటళ్లు ఉన్నాయి. ఇంకా తక్కువలో కావాలంటే సహారా, శాంతినికేతన్ ఉన్నాయి. బసతో పాటు ఎంట్రీ కలిపిన ప్యాకేజీలు కూడా ఇస్తారు. రెండో శనివారం కాబట్టి ఇప్పుడే బుక్ చేసుకోండి.

మీరు శుక్రవారం సాయంత్రం హెచ్‌ఐసీసీ నుంచి క్యాబ్‌లో సిటీ మొత్తం దాటాలని చూడకండి. ఆ వేళ ఐటీ ఆఫీసులన్నీ వదులుతాయి. ఆటోలో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌కి వెళ్లండి. బ్లూ లైన్‌లో అమీర్‌పేట, అక్కడ దిగి రెడ్ లైన్‌లో చివరి స్టేషన్ ఎల్బీనగర్. అక్కడినుంచి ఫిల్మ్ సిటీకి క్యాబ్‌లో వెళ్లిపోండి, మొత్తం హైవేనే. అందుకే చిన్న బ్యాగ్ అన్నాను. పట్టుచీరలు, ల్యాప్‌టాప్, పోస్టర్ ట్యూబ్ అన్నీ మోసుకుని ఆ టైంలో మెట్రో ఎక్కడం నరకం. మిగతా బట్టలన్నీ కార్లో వస్తాయి.

దీనివల్ల ఇంకో లాభం. శుక్రవారం సాయంత్రం హైవే రద్దీ సిటీ నుంచి ఊళ్ల వైపు ఉంటుంది, ఆదివారం సాయంత్రం ఊళ్ల నుంచి సిటీ వైపు ఉంటుంది. మీ కారు రెండుసార్లూ దానికి ఎదురుగానే నడుస్తుంది. పిల్లలకి స్కూలు కూడా శుక్రవారం ఒక్కపూటే పోతుంది.

సమాధానం (గుంటూరు, కాలేజీ ఆఫీసు సూపరింటెండెంట్‌గా రిటైర్ అయ్యాను)

అమ్మా, టీఏ సంగతి నేను చెబుతాను. ఓడీ (ఆన్ డ్యూటీ) ఆర్డర్‌లో గురు, శుక్ర రెండు రోజులూ, బుధవారం ప్రయాణం కూడా ఉండేలా అప్లికేషన్ పెట్టు. శని, ఆదివారాలు సెలవే కదా అని ఊరుకోవద్దు. ఓడీ మీద వెళ్లినవాళ్లు శుక్రవారం రాత్రికి వెనక్కి రావాలనే చాలా ఆఫీసుల్లో లెక్క వేస్తారు. అందుకని ఆ రెండు రోజులకీ హెడ్‌క్వార్టర్స్ (అంటే పనిచేసే ఊరు) వదిలి ఉండటానికి పర్మిషన్ కావాలని అదే లెటర్‌లో ఒక వాక్యం రాయి. ప్రిన్సిపాల్ సంతకం పడితే తర్వాత ఎవరూ అడగరు.

వెళ్లేటప్పుడు టికెట్ ఉంటుంది, క్లెయిమ్‌కి ఇబ్బంది లేదు. వచ్చేటప్పుడు ఇంటి కారులో వస్తున్నావు కాబట్టి తిరుగు ప్రయాణానికి ఏమిస్తారో ముందే కనుక్కో. కొన్ని చోట్ల బస్సు చార్జీ వరకు ఇస్తారు, కొన్ని చోట్ల టికెట్ లేకపోతే రూపాయి ఇవ్వరు. హోటల్ బిల్లు నీ పేరు మీద, కాన్ఫరెన్స్ రోజులకు మాత్రమే విడిగా ఉండాలి. రూమ్ పంచుకుంటే బిల్లు ఇద్దరికీ విడివిడిగా రాయమను. ఫిల్మ్ సిటీ బిల్లు ఆ ఫైల్ దరిదాపుల్లోకి కూడా రానివ్వకు. అన్నిటికంటే ముఖ్యం, ముగింపు సభ కాకుండా బయటికి రావద్దు. చాలా కాన్ఫరెన్సుల్లో సర్టిఫికెట్లు అక్కడే చేతికిస్తారు. హాజరు సర్టిఫికెట్ లేకపోతే టీఏ బిల్లు కదలదు.

సమాధానం (కూకట్‌పల్లి, ఇద్దరు పిల్లల తల్లిని)

పైన హయత్‌నగర్ అన్నయ్య చెప్పిన దారి బాగుంది. కానీ రెండు పార్కులూ ఒకే వారాంతంలో వద్దండీ. నాలుగేళ్ల పాపతో, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో అది శిక్షే.

మీ ఇంటికి ఫిల్మ్ సిటీయే సరిపోతుంది. గేటు దగ్గర కారు పెట్టేశాక వాళ్ల బస్సుల్లోనే లోపలికి తీసుకెళ్తారు, సెట్లన్నీ బస్సులో కూర్చునే చాలావరకు చూడొచ్చు. అత్తయ్య గారికి అదే పెద్ద ఊరట. పాపకి ఫండుస్తాన్, పక్షుల పార్కు, సీతాకోకచిలుకల పార్కు ఉన్నాయి. బాబుకి సాహస్‌లో అడ్వెంచర్ ఆటలున్నాయి, వాటిలో ఏవేవి మీ టికెట్‌లో కలిసి ఉన్నాయో కొనేముందు చూసుకోండి. ఉదయం తొమ్మిదికల్లా లోపల ఉండండి. యురేకాలో ప్రారంభ వేడుకతో మొదలుపెట్టి, షోల టైములు ఫోటో తీసుకుని, ముందు షోలు, ఆ మధ్య ఖాళీల్లో ఆటలు పెట్టుకోండి. బయటి తిండి లోపలికి రానివ్వరు. పాపకి పాలు, అత్తయ్య గారికి మందులు మాత్రం చేతి సంచిలో విడిగా పెట్టుకోండి. వీల్‌చైర్ కావాలంటే బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి చెప్పండి.

వండర్‌లా వేరే రకం. అక్కడ ఎత్తు కొలిచి గానీ పెద్ద రైడ్లు ఎక్కనివ్వరు, టికెట్ కూడా వయసుని బట్టి కాదు, ఎత్తుని బట్టే. తొమ్మిదేళ్ల పిల్లలు చాలామంది 130 సెంటీమీటర్ల దగ్గరే ఉంటారు. బాబుని గోడకి నిలబెట్టి కొలిచి, వాళ్ల సైట్‌లో ఏ రైడ్‌కి ఎంత ఎత్తో చూడండి. అంత ఆశపడి వెళ్లి, గేటు దగ్గర వెనక్కి పంపితే పిల్లాడి మనసు విరిగిపోతుంది. పైగా డిసెంబర్‌లో నీళ్ల రైడ్లు చిన్నపిల్లలకి చలి.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మావారికి చూపిస్తే సిటీలోకి డ్రైవింగ్ లేదనగానే వెంటనే ఒప్పేసుకున్నారు. బాబు మాత్రం వండర్‌లా వదలడం లేదు. ఆదివారం వాళ్లిద్దరూ వెళ్లొస్తే, మేం ముగ్గురం రూమ్‌లో ఉంటే?

సమాధానం (హయత్‌నగర్)

దారి పరంగా కష్టం కాదు మేడం. వండర్‌లా రావిర్యాలలో ఉంది, పెద్దఅంబర్‌పేటలో ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే రెండో ఎగ్జిట్. కానీ అది తెరిచేదే పదకొండింటికి. నీళ్ల రైడ్లు ఇంకాస్త ఆలస్యంగా మొదలవుతాయి. మూడింటికి బయటపడాలంటే పూర్తి టికెట్ పెట్టి సగం కూడా చూడలేరు. మీరు రూమ్ ఖాళీ చేసి సామానుతో కూర్చోవాలి. ఆ తర్వాత విజయవాడ చేరేసరికి రాత్రి పది అవుతుంది, సోమవారం పొద్దున్నే స్కూలు.

సమాధానం (కూకట్‌పల్లి)

నాదీ అదే మాట. వండర్‌లా ఎండాకాలం సెలవులకి ఖాయమని బాబుకి తేదీతో సహా చెప్పండి, అప్పటికి ఎత్తు కూడా పెరుగుతాడు. ఆదివారం నిదానంగా లేచి, టిఫిన్ చేసి పదింటికి బయల్దేరండి.

ప్రశ్న అడిగినవారు

సరే, ఫిల్మ్ సిటీ ఒక్కటే. ఇంకొక్క సందేహం. నా ప్రెజెంటేషన్ శుక్రవారం ఆఖరి సెషన్‌లో పడితే?

సమాధానం (గుంటూరు)

షెడ్యూల్ ఫైనల్ కాకముందే నిర్వాహకులకి మెయిల్ పెట్టమ్మా. దూరం నుంచి వస్తున్నాను, గురువారం గానీ శుక్రవారం ఉదయం గానీ స్లాట్ ఇవ్వగలరా అని అడుగు. ఇలాంటివి చాలామంది అడుగుతారు, ముందే అడిగితే మారుస్తారు. ప్రింట్ అయ్యాక మాత్రం ఎవరినీ కదపలేం.

సమాధానం (హయత్‌నగర్)

ఒకవేళ ఆలస్యమైనా కంగారు వద్దు మేడం. రూమ్ బుకింగ్ మీవారి పేరు మీద చేయండి, మీరు వచ్చేదాకా ఆగకుండా చెకిన్ అయిపోతారు. పిల్లలకి అన్నాలు పెట్టి పడుకోబెట్టేస్తారు. ఎల్బీనగర్‌లో దిగాక క్యాబ్ వివరాలు మీవారికి పంపి బయల్దేరండి.