అప్‌డేట్: వెన్నెముక గాయం, ఉన్నట్టుండి తలనొప్పి, చెమటలు – కారణం దొరికింది

రెండు నెలల కింద అడిగాను: మెడ దగ్గర వెన్నెముక దెబ్బతిని వీల్‌చెయిర్‌లో ఉంటున్నాను, ఉన్నట్టుండి తల పగిలిపోతోంది, ముఖమంతా చెమటలు, ఎందుకని? జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "యూరిన్ ట్యూబ్ చూసుకోండి" అన్నవారి మాటే నిజమైంది. మైగ్రేన్, సైనస్, ఏసీ గాలి ఏవీ కాదు. కళ్ల పరీక్ష అనవసరంగా చేయించాను.

ముందు కనిపెట్టింది మా చిక్కడపల్లి సందులో ఇస్త్రీ బండి తాత. అమ్మ ఆఫీసుకెళ్లాక బట్టలివ్వడానికి పైకొచ్చి, "మొకం గిట్ల ఎర్రగైందేంది బిడ్డా? మూత్రం సంచి ఖాళీగుందేంది?" అన్నాడు. తొడ కింద ట్యూబ్ మడతపడి ఉంది. సరిచేశాక కాసేపటికి నొప్పి పోయింది.

దీన్ని ఆటోనామిక్ డిస్‌రెఫ్లెక్సియా అంటారని డాక్టరు చెప్పారు. ఛాతీ వెన్నులో 6వ పూస, ఆపైన గాయమైనవాళ్లకు మూత్రం నిలిచిపోతే బీపీ అమాంతం పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. వెంటనే నిటారుగా కూర్చోబెట్టాలి, బిగుతు బట్టలు వదులు చేయాలి, ట్యూబ్ చూడాలి. మలబద్ధకం, కదలకుండా ఒకేచోట ఒత్తిడి పడితే చర్మం మీద వచ్చే పుండ్లు కూడా కారణం కావచ్చు. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తాత ఇప్పుడు రోజూ మధ్యాహ్నం వస్తాడు. ఆయనకు చదువు రాదు, నా వేళ్లు కదలవు. పేపర్ నేను చదువుతాను, పేజీలు ఆయన తిప్పుతాడు. ఏడేళ్లలో నా కోసం మెట్లెక్కి వచ్చిన మొదటి స్నేహితుడు. వెళ్లేముందు ట్యూబ్ ఒకసారి చూసే వెళ్తాడు.