ఎముకల గుల్లబారుడు: మాత్ర వద్దంటున్న అమ్మకు ఆహారం, సప్లిమెంట్లు సరిపోతాయా?

సాగరతీరం (విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. మా అమ్మగారికి 64 ఏళ్లు. ఇటీవల తీయించిన, ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్‌లో వెన్నెముక టీ-స్కోరు -2.8, తుంటి దగ్గర -2.4 వచ్చాయి (యౌవనంలోని ఆరోగ్యవంతుల ఎముక సాంద్రతతో పోల్చే అంకె ఇది, సున్నాకు ఎంత కిందికి పోతే ఎముక అంత పలచన). డాక్టరు గారు వారానికి ఒకటి చొప్పున, ఎముకలు విరగకుండా ఇచ్చే అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. ఆ మాత్ర వాడితే దవడ ఎముక పుచ్చిపోతుందని ఎవరో చెప్పగా విని, అమ్మ దాన్ని ముట్టనంటున్నారు. రాగి జావ, నువ్వులు, నల్లేరు పచ్చడి, విటమిన్ కె2 గుళికలతోనే నెట్టుకొస్తానంటున్నారు. ఆహారంతోనో సప్లిమెంట్లతోనో ఈ సమస్యను ఎదుర్కొన్నవారు ఉంటే, స్కాన్‌లో వచ్చిన మార్పుతో సహా చెప్పగలరు.

తార్నాక అత్తయ్య (హైదరాబాదు)
అమ్మా, ముందుగా ఆహారం లెక్క చూద్దాం. నెలసరి ఆగిపోయిన స్త్రీలకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని 2020లో మా పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు చేసింది. 100 గ్రాముల రాగుల్లో సుమారు 360 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే ఒక గ్లాసు జావలో పడే పిండి 30 గ్రాములకు మించదు కాబట్టి, దాని ద్వారా వచ్చేది 100 చిల్లర మాత్రమే. అర లీటరు పాలు, పెరుగు కలిపి తీసుకుంటే దాదాపు 600 వస్తుంది. పొట్టు తీయని నువ్వుల్లో 100 గ్రాములకు 1000 దాటి ఉంటుంది కనుక, అన్నంలోకి రోజూ ఒక చెంచా నువ్వుల పొడి వేసుకున్నా 100 పైన చేరుతుంది. ఆకుకూరల్లో తోటకూర, మునగాకు మేలైనవి. పాలకూరలో ఆక్సలేట్లు ఎక్కువగా ఉండి కాల్షియాన్ని పట్టి ఉంచుతాయి కాబట్టి దాన్ని ఈ లెక్కలో వేయకండి. మాంసాహారులైతే ముల్లుతో సహా నమిలి తినే ఎండు మెత్తళ్లు చాలా మంచివి.

మా ఇంట్లో నేను ఇలాగే తింటున్నాను. నా టీ-స్కోరు -1.6. ఎక్కడా ఎముక విరగలేదు, కాబట్టి మా డాక్టరు గారు మందు రాయలేదు. రెండు స్కాన్లలోనూ పెద్ద తేడా లేదు. మీ అమ్మగారి -2.8ని నా అంకెతో పోల్చవద్దు. -2.5 గీత దాటితే ఎముకలు గుల్లబారినట్టే లెక్క, అక్కడి నుంచి వైద్యులు ఆలోచించే తీరే వేరు.

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)
నల్లేరు గురించి నాకు తెలిసింది చెబుతాను. మా వైపు లేత కణుపులు ఏరి, చేతికి నూనె రాసుకుని ఈనెలు తీసి, చింతపండుతో పచ్చడి చేస్తారు. రుచిగా ఉంటుంది, తినడానికి అభ్యంతరమేమీ లేదు. విరిగిన ఎముక అతుక్కోవడానికి దాన్ని వాడే సంప్రదాయం పాతదే. అయితే గుల్లబారిన ఎముక విరగకుండా నల్లేరు కాపాడుతుందని చూపిన పెద్ద అధ్యయనమేదీ నా కంటబడలేదు.

కె2 విషయంలో ఒక హెచ్చరిక. గుండె కవాటం మార్పిడి వంటి కారణాలతో రక్తం పలుచబడే అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవారు దాని జోలికి పోకూడదు, ఎందుకంటే అది ఆ మందుల పనిని నేరుగా దెబ్బతీస్తుంది.

మా పిన్నికి అమెరికా నుంచి వాళ్లబ్బాయి స్ట్రాన్షియం సిట్రేట్ గుళికలు పంపాడు. స్కాన్‌లో సాంద్రత బాగా పెరిగినట్టు వచ్చేసరికి ఇంటిల్లిపాదీ సంతోషించారు. కాల్షియం కంటే స్ట్రాన్షియం బరువైన మూలకమనీ, అది ఎముకలో చేరితే స్కానింగ్ యంత్రం సాంద్రతను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుందనీ ఆ తర్వాత ఎండోక్రినాలజిస్టు (హార్మోన్ల వైద్యులు) వివరించారు. అందులో అసలు మెరుగు ఎంతో తేల్చడం కష్టమన్నారు.

మెట్ట పొలం (నల్లగొండ)
ఎముక సాంద్రత, ఎముక బలం ఒకటి కావని మా జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పనవసరం లేదు. మా ఊళ్లలో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారి ఎక్స్‌రేల్లో ఎముకలు తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి, కానీ వారి వెన్ను వంగిపోయి, కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బు ఉన్నట్టు 1937లోనే వైద్యులు రాశారు. అమెరికాలో ఎముకలు గుల్లబారినవారికి ఫ్లోరైడ్‌నే మందుగా ఇచ్చి చూశారు. 1990లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం నాలుగేళ్లలో నడుము ఎముకల సాంద్రత 35 శాతం పెరిగింది, అయినా వెన్నుపూసల విరుగుళ్లు చెప్పుకోదగినంతగా తగ్గలేదు సరికదా, మిగతా ఎముకలు మరింత ఎక్కువగా విరిగాయి. అందుచేత ఎవరైనా ఒక సీసా చూపించి దీనితో స్కోరు పెరుగుతుందని చెబితే, దీనితో విరుగుళ్లు తగ్గాయా అని అడగండి. మా ప్రాంతంలో పుట్టి పెరిగినవారు ఆ సంగతి స్కాన్ చూసే డాక్టరుకు తప్పక చెప్పాలి.

మందుల పాఠం (గుంటూరు)
నేను ఫార్మసీ విద్యార్థులకు పాఠాలు చెబుతాను. అందరూ ఆహారమా, మాత్రా అని అడుగుతున్నారు, కానీ ఈ మందులను మనుషులపై పరీక్షించిన తీరు చూస్తే ఆ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. 1996లో వచ్చిన అలెండ్రోనేట్ పరీక్షలో, అప్పటికే వెన్నుపూస విరిగిన స్త్రీలలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికి 15 శాతం మందిలో కొత్తగా వెన్నుపూస విరిగింది, మందు వేసుకున్నవారిలో 8 శాతం మందికే విరిగింది. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉన్నవారికి, ఏ గుంపువారైనా సరే, కాల్షియం, విటమిన్ డి కూడా ఇచ్చారు. ఇదే జబ్బుకు నరంలోకి ఎక్కించే మందైన జోలెడ్రోనిక్ ఆమ్లం మీద 2007లో వచ్చిన పరీక్షలోనూ అందరికీ అవి ఇచ్చారు. అక్కడ మూడేళ్లలో వెన్నుపూస విరుగుళ్లు 70 శాతం, తుంటి విరుగుళ్లు 41 శాతం తగ్గాయి. అంటే మందును పోల్చి చూసింది కాల్షియం, డి అందుతున్న మనుషులతోనే. ఆ రెండింటినీ పునాదిగా ఉంచుకున్నాక మందు అదనంగా చేసిన మేలు అది.

విటమిన్ డి కూడా లోపం ఉన్నవారికే అక్కరకొస్తుంది. లోపం ఉందో లేదో చూడకుండా చేర్చుకున్న పాతిక వేల పైచిలుకు మందికి రోజుకు 2000 యూనిట్లు ఇచ్చిన పరీక్షలో విరుగుళ్లు తగ్గలేదని 2022లో తేలింది. ఏడాదికి ఒకేసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చినప్పుడైతే వృద్ధ స్త్రీలు మరింత ఎక్కువగా పడిపోయారు, ఎముకలూ ఎక్కువగా విరిగాయి. ఇది 2010 నాటి మాట. 60 వేల యూనిట్ల పొట్లాలను డాక్టరు చెప్పిన వారాలు దాటి సొంతంగా కొనసాగించేవారు దీన్ని గమనించాలి.

దవడ ఎముక భయం పూర్తిగా కల్పితం కాదు. అయితే క్యాన్సర్ రోగులకు తరచుగా, పెద్ద మోతాదులో ఇచ్చే సూదిమందులతోనే అది ఎక్కువగా కనిపించింది. ఈ వ్యాధికి ఇచ్చే మోతాదులో చాలా అరుదు. పళ్లు తీయించే పని ఏదైనా ఉంటే మందు మొదలుపెట్టకముందే ముగించుకుంటే మంచిది.

యర్రా నది (మెల్‌బోర్న్)
వ్యాయామం మాట ఎవరూ ఎత్తలేదు. ఇక్కడ ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో, ఎముక సాంద్రత తగ్గిన స్త్రీల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, నిపుణుల పర్యవేక్షణలో పెద్ద బరువులు ఎత్తించారు. ఎనిమిది నెలల్లో వారి వెన్నెముక సాంద్రత దాదాపు 3 శాతం పెరిగింది. ఇంటి దగ్గర తేలికపాటి కసరత్తు చేసినవారికి కొద్దిగా తగ్గింది. నేను మందుతో పాటు ఇలాంటి తరగతికి కూడా వెళ్తున్నాను, నడకలో తూలడం తగ్గింది. అయితే మీ అమ్మగారి వెన్నుపూసల్లో ఇప్పటికే ఏదైనా నలిగి ఉందేమో ఎక్స్‌రేలో చూడకుండా బరువులు ఎత్తించవద్దు, నడుము ముందుకు వంచే ఆసనాలూ వేయించవద్దు.

సాగరతీరం (విశాఖపట్నం)
అందరికీ కృతజ్ఞతలు. అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. పరీక్షల్లో ఇరుపక్షాలకూ కాల్షియం ఇచ్చారన్న మాట దగ్గర మళ్లీ చదవమన్నారు. మాత్ర మొదలుపెట్టడానికి సగం ఒప్పుకున్నారు. ఒక చిక్కు ఉంది. ఆమె ఉదయం పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు, ఈ మాత్ర కూడా పరగడుపునే వేసుకోవాలట. రక్తపరీక్షలో విటమిన్ డి 14 వచ్చింది.

మందుల పాఠం (గుంటూరు)
డి 14 అంటే లోపమే, ముందు దాన్ని సరిచేయాలి. రక్తంలో కాల్షియం, క్రియాటినిన్ కూడా చూపించండి. మూత్రపిండాల పనితీరు బాగా తగ్గి ఉంటే ఈ మందు ఇవ్వరు. వారంలో ఆ ఒక్క రోజు నిద్ర లేవగానే నిండు గ్లాసు మంచినీళ్లతో అలెండ్రోనేట్ వేసుకుని, కనీసం అరగంట పడుకోకుండా, కాఫీ కూడా తాగకుండా కూర్చోవాలి, లేదా అటూ ఇటూ నడవాలి. ఆ రోజు థైరాయిడ్ మాత్రను అరగంట తర్వాత వేసుకోవాలా, రాత్రికి మార్చుకోవాలా అన్నది మీ డాక్టరు గారినే అడగండి. కాల్షియం మాత్రకూ థైరాయిడ్ మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి కాబట్టి, కాల్షియాన్ని మధ్యాహ్న భోజనంతో వేసుకుంటే ఇబ్బంది ఉండదు. ఒక్కసారికి 500 మిల్లీగ్రాములు దాటించవద్దు. ఛాతీలో మంట ఎక్కువగా ఉండేవారైతే ఏడాదికి ఒకసారి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం గురించి అడగవచ్చు. ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ సూదిమందును ఎంచుకుంటే మాత్రం తేదీ దాటనివ్వకూడదు, చెప్పకుండా మానేయకూడదు. మానేస్తే పెరిగిన సాంద్రత వేగంగా పడిపోయి, ఒకటికి మించి వెన్నుపూసలు విరిగిన సందర్భాలు ఉన్నాయి.