అప్‌డేట్: ఏడీహెచ్‌డీ మాత్రలు, ఎండిపోయే నోరు

ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత నిలవని సమస్య) ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర మొదలుపెట్టాక నోరు పిడచగట్టుకుపోతోంది, పొద్దున లేస్తే దవడ నొప్పి, పళ్లు జివ్వుమంటున్నాయి, మాత్ర మానేయాలా అని పోయిన పోస్టులో అడిగాను కదా. మానలేదు. సైకియాట్రిస్టుకీ డెంటిస్టుకీ ఇద్దరికీ విషయం చెప్పాను.

డెంటిస్టు మాటల్లో నాకు బాగా ఎక్కింది ఇది: లాలాజలమే పళ్లకి కాపలా. తిన్నప్పుడల్లా పుట్టే ఆమ్లాన్ని విరిచేది అదే. అది తగ్గితే నోట్లో పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) దాదాపు 5.5 కంటే కిందికి దిగి, ఎక్కువసేపు అక్కడే ఉండిపోయి పంటి పైపొర, అంటే ఎనామెల్, కరుగుతుంది. నోరు తడుపుకుందామని గంటగంటకీ చక్కెర టీ తాగితే ఇంకా చేటు. (మా ఆఫీసులో టీ మానడం కంటే ఉద్యోగం మానడం తేలిక. చక్కెర మాత్రం మానేశా.) ఇప్పుడు మంచినీళ్లు గుక్కగుక్కగా తాగుతున్నా, భోజనం తర్వాత జైలిటాల్ (చక్కెరకి బదులు వాడే తీపి) ఉన్న చూయింగ్ గమ్. రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోమి ఉమ్మేయడమే, నీళ్లతో పుక్కిలించట్లేదు. ఆ పోస్టు కింద నిమ్మ బిళ్లలు చప్పరించమన్నవాళ్లకి: చక్కెర లేకపోయినా పులుపు ఆమ్లమేనండీ.

దవడ నొప్పి నిద్రలో పళ్లు కొరకడం వల్లట. నైట్ గార్డ్ (రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు) పెట్టుకుంటున్నా, అలవాటయ్యేదాకా చికాకే. దవడ లాగుతున్న రోజు గమ్ జోలికి పోను. జివ్వుమనడం చాలా తగ్గింది. నోరు ఎండడం మాత్రం పూర్తిగా పోలేదు, డోసు సంగతి వచ్చే విజిట్‌లో సైకియాట్రిస్టుతో మాట్లాడతా.