మళ్ళీ మహమ్మారి వస్తే, బడి ఈడు రాని పిల్లల కోసం స్థానిక సంస్థ ముందుగా ఏం సిద్ధం చేసుకోవాలి?

ప్రశ్న: విపత్తు ప్రణాళిక ఉపసంఘం సభ్యురాలు

నమస్కారం. ఒక స్థానిక సంస్థ తన విపత్తు ప్రణాళికను తిరగరాయడానికి ఏర్పాటు చేసిన ఉపసంఘంలో నేను సభ్యురాలిని. పాత ప్రణాళికలో ఆసుపత్రులకు, తాగునీటికి, పారిశుద్ధ్యానికి, బడులకు విడివిడిగా అధ్యాయాలు ఉన్నాయి. ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, పూర్వ ప్రాథమిక విద్య విషయానికి వచ్చేసరికి మాత్రం, బడులకు ఇచ్చే ఉత్తర్వులే శిశు సంరక్షణ కేంద్రాలకూ వర్తిస్తాయన్న ఒకే ఒక్క వాక్యం కనిపిస్తుంది. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా పేర్కొన్న తరవాత వివిధ దేశాల్లో జరిగినది చూస్తే, ఆ వాక్యం అధికారులకు గాని కేంద్రాలకు గాని దారి చూపదని అర్థమవుతుంది. పదేళ్ళ పిల్లవాడు ఇంట్లో పుస్తకం పట్టుకుని కూర్చోగలడు. రెండేళ్ళ పాపను కనిపెట్టుకుని ఉండడానికి మాత్రం పెద్దవాళ్ళలో ఎవరో ఒకరు పని మానుకోవలసిందే.

మా పరిధిలో సంస్థ స్వయంగా నడిపే కేంద్రాలు, ఫీజులతో నడిచే ప్రైవేటు కేంద్రాలు ఉన్నాయి. తమ ఇళ్ళలోనే కొద్దిమంది పిల్లలను చూసుకునే మహిళలు కూడా ఉన్నారు. కేంద్రాలను మూసివేయాలన్న నిర్ణయం పై ప్రభుత్వాలది, దాని పర్యవసానాల భారం మాది. ఉన్న కొద్దిపాటి నిధులతో ఇళ్ళలో ఉండే పిల్లలకు వీడియో పాఠాలు తయారుచేయించాలని కొందరు, కేంద్రాలకే సహాయం ఇవ్వాలని మరికొందరు, తల్లిదండ్రుల చేతికే డబ్బు అందించాలని ఇంకొందరు వాదిస్తున్నారు. ఇతర దేశాల అనుభవం తెలిసినవారు వీటిలో దేనికి ముందు చోటివ్వాలో, ఎందుకో వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: స్థానిక సంస్థల ఆర్థిక వ్యవహారాలు చూసిన విశ్రాంత ఉద్యోగి

అమ్మా, మీరు చెప్పిన మూడింటిలో నేను కేంద్రాలకే ముందు చోటిస్తాను. శిశు సంరక్షణ కేంద్రం ఖర్చులో ఎక్కువ భాగం జీతాలకు, అద్దెకు పోతుంది. వచ్చే పిల్లలు సగానికి తగ్గినా ఈ రెండూ సగానికి తగ్గవు. పైగా మహమ్మారి కాలంలో చిన్న బృందాలుగా విడగొట్టాలన్న నిబంధన వస్తే, ఒక్కొక్క పిల్లవాడికి అయ్యే ఖర్చు పెరుగుతుంది. ఆదాయం ఆగిపోయి ఖర్చు నిలిచి ఉన్న కేంద్రం కొన్ని నెలలలోనే మూతపడుతుంది. అప్పటికి అనుభవమున్న ఆయాలు, ఉపాధ్యాయులు వేరే పనులు చూసుకుని ఉంటారు, భవనం వేరొకరికి అద్దెకు పోయి ఉంటుంది. ఒకసారి చెదిరిపోయిన కేంద్రాన్ని తిరిగి తెరవడమంటే కొత్తగా ఒకటి స్థాపించడమే.

ఇంగ్లండు అనుభవాన్ని మీ ఉపసంఘం ప్రత్యేకంగా పరిశీలించాలి. అక్కడ మూడు, నాలుగేళ్ళ పిల్లలకు కేటాయించిన ఉచిత గంటలకు అయ్యే డబ్బు ప్రభుత్వం నుంచి స్థానిక మండళ్ళకు, మండళ్ళ నుంచి కేంద్రాలకు చేరుతుంది. 2020 మార్చిలో అత్యవసర సేవల ఉద్యోగుల పిల్లలకు, ప్రత్యేక రక్షణ అవసరమైన పిల్లలకు తప్ప మిగిలినవారికి కేంద్రాల తలుపులు మూసినప్పుడు కూడా ఈ చెల్లింపు ఆగలేదు. ఇది ఆ సంక్షోభంలో కొత్తగా అల్లిన పథకం కాదు. డబ్బు నడిచే కాలువ ముందే తవ్వి ఉంది కాబట్టి నీరు ఆగకుండా పారింది. అయితే ఉచిత గంటల మీద కాక తల్లిదండ్రుల ఫీజుల మీదే ఎక్కువగా ఆధారపడిన కేంద్రాలకు ఈ చెల్లింపు చాలలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆస్ట్రేలియాలో కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్ 6 నుంచి జూలై 12 వరకు వేరే దారి పట్టింది. తల్లిదండ్రుల నుంచి ఫీజు తీసుకోవద్దని చెప్పి, మహమ్మారికి ముందున్న ఫీజు ఆదాయంలో సుమారు సగాన్ని, ఒక పరిమితికి లోబడి, తానే కేంద్రాలకు చెల్లించింది. పిల్లలు రాని రోజుల్లో ఈ పద్ధతి ప్రాణం నిలిపింది గాని, వారు తిరిగి రావడం మొదలైనకొద్దీ ఖర్చు పెరిగి, ఆదాయం మాత్రం పాత లెక్కలోని సగం దగ్గరే నిలిచిపోవడంతో కేంద్రాలు ఇబ్బంది పడ్డాయి. సహాయం ఎప్పుడు మొదలవ్వాలో రాసుకున్నంత శ్రద్ధగా, అది ఏ దశలో ఎలా మారాలో కూడా రాసుకోవాలని దీనివల్ల తెలుస్తుంది. అమెరికాలో 2021 మార్చి నాటి చట్టం కేంద్రాలను నిలబెట్టడానికి 2,400 కోట్ల డాలర్లు కేటాయించింది. జీతాలకు, అద్దెకు వాడుకోగలిగిన ఆ నిధుల గడువు 2023 సెప్టెంబరుతో ముగిసింది.

ఇంత పెద్ద మొత్తాలు స్థానిక సంస్థ దగ్గర ఉండవు, నిజమే. కానీ ఖర్చు లేకుండానో, స్వల్ప ఖర్చుతోనో చేయగలిగినవి ఉన్నాయి. మీరు డబ్బిచ్చే ప్రతి కేంద్రంతోనూ చేసుకునే ఒప్పందంలో, మూసివేత ఉత్తర్వు అమలులో ఉన్నంత కాలం చెల్లింపు హాజరును బట్టి కాక నమోదును బట్టి జరుగుతుందని, అందుకు ప్రతిగా కేంద్రం సిబ్బందిని తొలగించకుండా జీతాలు ఇస్తుందని ఇప్పుడే రాయించండి. సంస్థ భవనాలలో నడిచే కేంద్రాలకు అద్దె మాఫీ చేసే అధికారం, ఆస్తి పన్ను వాయిదా వేసే అధికారం ఎవరికి ఉందో ఇప్పుడే తేల్చుకోండి. ఇళ్ళలో పిల్లలను చూసుకునే మహిళల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేకపోతే వారికి ఏ సహాయమూ చేరదు. పన్నులు వేస్తారేమో, తనిఖీలు మొదలవుతాయేమో అన్న భయంతో వారు నమోదుకు వెనకాడతారు కనుక, నమోదు వల్ల వారికి కలిగే లాభమేమిటో ముందు చూపించాలి.

జవాబు: పూర్వ ప్రాథమిక ఉపాధ్యాయురాలు

వీడియో పాఠాల గురించి ఎవరూ మాట్లాడలేదు గనుక నేను చెబుతాను: ఆ నిధులను వాటి మీద పెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది లోపు పిల్లలకు తెర అసలు వద్దు, రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు ఒక గంట దాటకూడదు, అంతకంటే తక్కువైతే మరీ మంచిది. ఈ వయసులో పిల్లలు పాఠం విని నేర్చుకోరు; తాము అన్నదానికి ఎదుటివారు బదులు చెప్పడం వల్ల, చేతితో తాకి చూడడం వల్ల, తోటిపిల్లలతో పోట్లాడి మళ్ళీ కలవడం వల్ల నేర్చుకుంటారు. తెర మీది మనిషి బదులు చెప్పదు. ఇంట్లో ఒకే ఫోను ఉండి, దాన్ని తండ్రి పనికి తీసుకుపోయే కుటుంబాలకు ఆ వీడియో చేరను కూడా చేరదు.

మూసివేత కాలంలో ఉపాధ్యాయులు చేయగలిగిన అసలు పని పెద్దవాళ్ళతో మాట్లాడడం. వారానికి ఒకసారైనా ప్రతి కుటుంబానికీ ఫోను చేసి, పిల్లవాడు ఎలా ఉన్నాడు, ఏం తింటున్నాడు, నిద్ర సరిగా పడుతోందా అని అడిగి, ఇంటి పనిలోనే వాడిని కలుపుకుని కబుర్లు చెప్పే మార్గాలు తల్లికో తాతయ్యకో సూచించడం ఏ వీడియో కంటే కూడా ఎక్కువ ఉపయోగపడుతుంది. అలా ఫోను చేయాలంటే తాజా నంబర్లు, ఇంట్లో మాట్లాడే భాష, పిల్లవాడికి ఉన్న ప్రత్యేక అవసరాలు రాసిన జాబితా కేంద్రం దగ్గర ఉండాలి. ఆ జాబితాను ఎవరు చూడవచ్చో, ఎవరు చూడకూడదో కూడా మీ ప్రణాళికలో రాయాలి. బొమ్మల పుస్తకాలు, రంగులు, బంకమట్టి వంటివి ఒక సంచిలో పెట్టి, ఆహార సరుకులు పంచే రోజునే పంచితే వేరే రవాణా ఖర్చు ఉండదు.

కేంద్రం మూతపడితే చదువొక్కటే ఆగిపోదన్నది మీ ఉపసంఘంలో గట్టిగా చెప్పవలసిన మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి చిన్నపిల్లల ఎదుగుదల కోసం 2018లో ప్రకటించిన చట్రంలో ఆరోగ్యం, పోషణ, పిల్లల అవసరాన్ని గుర్తించి స్పందించే పెంపకం, భద్రత, తొలి అభ్యసనం అన్నవి కలిసే ఉంటాయి. కోవిడ్ మూసివేతల వల్ల కనీసం 4 కోట్ల మంది పిల్లలు బడిలో చేరడానికి ముందరి కీలకమైన ఏడాది చదువును కోల్పోయారని యూనిసెఫ్ 2020 జూలైలో అంచనా వేసింది. అదే ఏడాది 2.3 కోట్ల మంది పిల్లలకు సాధారణంగా అందవలసిన ప్రాథమిక టీకాలు పూర్తిగా అందలేదు. ఒంటి మీద దెబ్బ కనిపించినా, బరువు తగ్గినా, మాట వెనకబడినా చాలాసార్లు మొదట గమనించేది కేంద్రంలోని మనిషే. తలుపులు మూసినప్పుడు ఆ చూపు కూడా మూసుకుపోతుంది. కనుక ఇళ్ళకు వెళ్ళే ఆరోగ్య కార్యకర్తకు, కేంద్రంలోని ఉపాధ్యాయురాలికి మధ్య సమాచారం అటూ ఇటూ వెళ్ళే ఏర్పాటు మామూలు రోజుల్లోనే ఉండాలి.

జవాబు: ప్రజారోగ్య వైద్యుడు

పై రెండు జవాబులూ కేంద్రాలు మూతపడి ఉన్న కాలం గురించే మాట్లాడాయి. పూర్తి మూసివేత తప్పనిసరి కాదని కూడా మీ ప్రణాళిక గుర్తించాలి. స్వీడన్‌లో పూర్వ ప్రాథమిక కేంద్రాలు 2020 వసంతంలో తెరిచే ఉన్నాయి. డెన్మార్క్ ఏప్రిల్ 15న, నార్వే ఏప్రిల్ 20న చిన్నపిల్లల కేంద్రాలను ముందు వరుసలో తిరిగి తెరిచాయి. నార్వే మొదట్లో మూడేళ్ళ లోపు పిల్లలైతే ముగ్గురికి, ఆ పై వయసువారైతే ఆరుగురికి ఒక పెద్దమనిషి చొప్పున స్థిరమైన బృందాలుగా విడగొట్టి, బృందాలు కలవకుండా చూసింది. ఈ దేశాలలో అలాంటి మార్పులను పురపాలక సంఘాలు త్వరగా అమలు చేయగలగడానికి ఒక కారణం, కేంద్రాలను నడిపే బాధ్యతో పర్యవేక్షించే బాధ్యతో మొదటినుంచీ వాటిదే కావడం. బృందాలు విడగొట్టాలంటే గదులు కావాలి, ఆరుబయట స్థలం కావాలి. ఖాళీగా ఉండే గ్రంథాలయం, సమావేశ మందిరం, ఉద్యానవనం స్థానిక సంస్థ చేతిలోనే ఉంటాయి.

అయితే ఈ ఉదాహరణలను ఉన్నవి ఉన్నట్టు దించుకోవద్దని నా హెచ్చరిక. కోవిడ్ చిన్నపిల్లలలో ఎక్కువ మందికి తీవ్రం కాలేదు, అందువల్ల వారిని ముందుగా పంపడం సాధ్యమైంది. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా అలా లేదు. ఐదేళ్ళ లోపు పిల్లలలోనూ మరణాలు ఎక్కువగా సంభవించాయి. కాబట్టి జబ్బు పిల్లలకు స్వల్పమైతే ఒక దారి, తీవ్రమైతే మరొక దారి అని రెండు ప్రణాళికలు ఉండాలి. రెండో దారిలో కూడా ఆసుపత్రి సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికుల పిల్లలను ఎవరు చూస్తారన్న ప్రశ్న తప్పదు, ఎందుకంటే నర్సు ఇంట్లో ఉండిపోతే వార్డులో మనిషి ఉండదు. ఆ అత్యవసర కేంద్రాలలో పనిచేసే ఆయాలకు రక్షణ సామగ్రి, పరీక్షలు, జబ్బు పడితే జీతం కోతలేని సెలవు కూడా ప్రణాళికలోనే ఉండాలి. ఇతరుల పిల్లలను కనిపెట్టుకునే మనిషి జ్వరం దాచుకుని పనికి వచ్చే పరిస్థితి కల్పించడం కంటే ప్రమాదకరమైనది వేరొకటి లేదు.

ప్రశ్న వేసినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. జబ్బు స్వభావాన్ని బట్టి రెండు దారులన్న సూచన మా చర్చలో ఇంతవరకు రాలేదు. ఒక సందేహం మిగిలింది. తల్లిదండ్రులకే నేరుగా డబ్బివ్వాలన్న వాదనను మీరెవరూ సమర్థించలేదు. కేంద్రాలకు ఇస్తే యజమానులు మింగేస్తారన్నది మా వాళ్ళ భయం.

జవాబు: న్యాయవాది

ఆ భయం అకారణమైనది కాదు గాని, మందు వేరే ఉంది. కేంద్రం మూతపడి ఉన్నప్పుడు తల్లిదండ్రుల చేతిలో పెట్టిన డబ్బు కుటుంబానికి తప్పక ఊరట ఇస్తుంది. సంరక్షణను మాత్రం అది కొనలేదు, ఎందుకంటే కొనడానికి చోటే ఉండదు. తిరిగి తెరిచిన తరవాత ఫీజు కట్టలేని కుటుంబాలకు సహాయం చేసే దశలో ఆ పద్ధతి సరైనది. యజమానుల విషయానికి వస్తే, జీతాల చెల్లింపు రుజువు చూపితేనే తరువాతి విడత విడుదలవుతుందని ఒప్పందంలో రాస్తే చాలావరకు సరిపోతుంది.

దీనికి మించి, ఏ సేవలు దయాధర్మంగా అందుతున్నాయో, ఏవి చట్టం ఇచ్చిన హక్కుగా అందుతున్నాయో విడదీసి చూడండి. భారతదేశంలో 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వరకు పిల్లల పోషకాహారాన్ని హక్కు చేసింది. అందువల్లనే 2020లో అంగన్‌వాడీలు మూతపడినప్పుడు విషయం న్యాయస్థానం ముందుకు వెళ్ళగలిగింది. కట్టడి ప్రాంతాల వెలుపల వాటిని తిరిగి తెరవడంపై ఆ నెలాఖరులోగా నిర్ణయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2021 జనవరి 13న రాష్ట్రాలను ఆదేశించింది. హక్కు లేనిచోట నిధుల కోత మొదట పడేది నోరులేని పిల్లల మీదే.

స్థానిక సంస్థ చట్టాలు చేయలేకపోవచ్చు, తీర్మానాలు చేయగలదు. మూసివేత ఉత్తర్వు వచ్చిన మూడు రోజుల్లోగా పిల్లల ఆహారం ఏ మార్గంలో ఇంటికి చేరుతుందో, కేంద్రాలకు చెల్లింపులు ఏ పద్దు కింద కొనసాగుతాయో, వీటికి జవాబుదారీ వహించే ఒకే ఒక్క అధికారి ఎవరో పదవి పేరుతో సహా తీర్మానంలో రాయించండి. రెండు శాఖల పేర్లు రాస్తే ప్రతి కాగితమూ రెండు బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది.