‘బత్తెం’లో ఆ ‘త్తె’ ఎక్కడిది?

గంటం: ‘జీతం బత్తెం లేకుండా తోడేలు మేకల్ని కాస్తానందట’. ఈ సామెత మొన్నటి నుంచి నన్ను వదలడం లేదు. కొందరు గొర్రెలంటారు, కొందరు మేకలంటారు, అది పక్కన పెడదాం. జీతం ఒకటి, బత్తెం ఇంకొకటి అని సామెతే చెబుతోంది కదా. ఈస్టిండియా కంపెనీ సిపాయికీ అంతే: జీతం వేరు, దండు కదిలితే ఇచ్చే బత్తా వేరు. మరి బత్తెమంటే మొదట గింజలు కొలిచి పోయడమా, తిండి ఖర్చుకి డబ్బు చేతిలో పెట్టడమా? ఇప్పుడు ఆఫీసు కాగితాల్లో అంతా ‘కరువు భత్యం’, ‘ప్రయాణ భత్యం’. ఆ వత్తు, ఆ త్య తర్వాత తగిలించినవేనా?

తాటాకు: భక్తం అండీ. సంస్కృతంలో భక్తమంటే వండిన అన్నం. ప్రాకృతంలో భత్తం, హిందీలో భాత్. కన్నడంలో వడ్లని ఇప్పటికీ భత్త అంటారు. భక్తి బత్తి అయినట్టే ఇదీ. భత్యం అనేది గుమాస్తాలు బత్తేనికి సంస్కృతం తొడుగు తొడిగి రాసిన రూపం.

చేదబావి: అంత తేలిగ్గా తేలదు మాస్టారూ. భక్తం అయితే బత్తం కావాలి. ‘త్తె’ ఎలా వచ్చింది? సత్యం సత్తెం, పద్యం పద్దెం, పథ్యం పత్తెం. ఎత్వం కనిపించిందంటే వెనకాల యకారం ఉన్నట్టే. కాబట్టి భత్యమే ముందు, బత్తెం దాని పలుకుబడి. మీరు కన్నడం తెచ్చారు గనక చెబుతున్నా, అక్కడ వడ్లకి భత్త, అలవెన్సుకి భత్యె అని రెండు మాటలున్నాయి. రెండూ ఒకటే అయితే రెండు రూపాలు ఎందుకు? నా మటుకు దీని వెనక ఉన్నది భృతి (అంటే కూలి), భృత్యం. దండులో కొలువు చేసేవాడు భృత్యుడే కదా.

తాటాకు: భృత్యం అయితే అందులోని ఋ ఏమైంది? ప్రాకృతం దారిలో త్య సాధారణంగా చ్చ అవుతుంది. నిత్యం నిచ్చ అయి మన ‘నిచ్చలు’ (ఎల్లప్పుడూ) వచ్చింది. భృత్య పాళీలో భచ్చ అయింది. ఆ దారిన వస్తే మనకి దక్కేది చకారమే. ఇక ఎత్వానికి యకారం ఒక్కటే దిక్కు కాదు. మౌక్తికం ముత్తెం అయింది చూడండి. క్త కాస్తా త్త అయింది, ‘ఇకం’ ‘ఇయం’గా మారి ఎత్వంలోకి దిగింది.

చేదబావి: ముత్తెం మనదే. తమిళంలో ముత్తు ఉండగా మౌక్తికం దాకా పోనక్కర్లేదు.

కావడి: తమిళం మాట వచ్చింది గనక ఒకటి చేరుస్తాను. కరువు భత్యాన్ని వాళ్ళు పంచప్పడి అంటారు. పడి అంటే గింజలు కొలిచే పాత్ర. కొలతే అలవెన్సు పేరైందంటే మొదట కొలిచి ఇచ్చింది ధాన్యమేనని నాకు గట్టి నమ్మకం. మన దారిబత్తెం కూడా అలాంటిదే, ముందు మూటలో తిండి, తర్వాత జేబులో ఖర్చు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఇంగ్లీషు ‘బట్టా’లో రెండు వేరు మాటలు కలిసిపోయాయని విడదీసింది. ఒకటి సైనికుల బత్తెం, రెండోది నాణేల మార్పిడిలో పోయే వట్టం. మొదటిదానికి అది కన్నడ భత్త వైపే మొగ్గింది.

గంటం: కానీ కంపెనీ కాలానికి అది పూర్తిగా డబ్బే. 1757లో ప్లాసీ యుద్ధం అయ్యాక బెంగాల్ నవాబైన మీర్ జాఫర్ కంపెనీ దండుకి రెట్టింపు బత్తా ఇచ్చాడు. 1766లో బెంగాల్ గవర్నర్ క్లైవ్ ఆ రెట్టింపు తీసేస్తే ఇంగ్లీషు ఆఫీసర్లు మూకుమ్మడిగా రాజీనామాలకి దిగారు. 1843లో సింధుని కలుపుకున్నాక అది పరాయి దేశం కాదు పొమ్మని సిపాయిల అదనపు బత్తాకి కోత పెట్టారు. మరుసటి ఏడు కొన్ని పటాలాలు కదలమని మొండికేశాయి. ఇల్లు వదిలి అంత దూరం నడిచినవాడికి ఆ దేశం సొంతమైతే ఏమిటి, పరాయిదైతే ఏమిటి? తినే ఖర్చు అదే కదా.

కావడి: డబ్బిచ్చినా గింజలు దండు దాకా రావాలి కదా అన్నా. 1791 మే నెలలో గవర్నర్ జనరల్ కారన్‌వాలీస్ టిప్పు రాజధాని శ్రీరంగపట్నం గుమ్మం దాకా వెళ్ళి తిండి లేక వెనక్కి తిరిగాడు. లాగే ఎద్దులు కుప్పకూలితే కోట పగలగొట్టడానికి తెచ్చిన పెద్ద ఫిరంగుల్ని తనే పగలగొట్టించుకున్నాడు. మరాఠా దండు తన బజారుతో సహా ఎదురొచ్చాకే సైనికులకి గింజలు దొరికాయి. ఆ తర్వాత దండయాత్రకి బంజారాల ఎద్దుల మందలు ధాన్యం మోశాయి. పెరికె చూశారా ఎవరైనా? ఎద్దు వీపు మీద అటొకటి ఇటొకటి వేలాడే జంట గోనె. బండి దిగబడే బురదలో, బాట లేని కొండవాలులో కూడా పెరికె ఎద్దు నడిచిపోతుంది. పైగా దాని మేత అది దారిలోనే చూసుకుంటుంది. చరిత్ర పుస్తకాల్లో సేనానుల పేర్లుంటాయి, ఈ ఎద్దులు తోలినవాళ్ళ పేరు ఒక్కటీ ఉండదు. నాకు అది చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇంకా వెనక్కి పోతే 1520 రాయచూరు యుద్ధం. కృష్ణరాయల దండు గురించి పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. విడిదిలో వీధులు, అంగళ్ళు, చాకళ్ళు. దాహంతో ఎవరూ పోకూడదని తోలుతిత్తులతో దారి పొడవునా నిలబడి నీళ్ళిచ్చే వేలమంది మనుషులు.

అచ్చుయంత్రం: నీళ్ళు, అంగళ్ళు అంటుంటే ఉద్యోగపర్వం గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? పాండవుల శిబిరంలో విల్లులూ కవచాలతో పాటు తేనె, నెయ్యి కొండల్లా పోశారు. నీళ్ళు, పచ్చిమేత, ఊక, బొగ్గులు. వైద్యులు, పనివాళ్ళు. అక్కడ వ్యాసుడి మాట ‘దత్తవేతనాః’, జీతం ముట్టినవాళ్ళని. ఇక శల్యుడి కథ తీసుకోండి. మేనల్లుళ్ళ వైపు బయల్దేరినవాడికి దారి పొడవునా విడిదులు కట్టించి, తిండీ పానీయాలూ పెట్టించింది దుర్యోధనుడు. ఇదంతా ధర్మరాజు చేయించాడనుకుని, చేసినవాళ్ళకి బహుమానం ఇస్తానన్నాడు. అంతే, పక్షం మారిపోయింది. భారతంలో ఒక మహారథుణ్ణి విడిది భోజనంతో గెలిచారు! తిక్కన ఈ ఘట్టం తెలుగు చేస్తున్నప్పుడు మామూలు కవిగా చేసి ఉండడని నా నమ్మకం. మనుమసిద్ధి దగ్గర మంత్రి ఆయన. దండుకి ఏం కావాలో కొలువులో కూర్చుని చూసినవాడు. నన్నయలో శబ్దం గొప్పది కావచ్చు, కానీ మనుషుల అవసరాలు తెలిసినవాడు తిక్కనే.

తాటాకు: నన్నయని దించకుండా తిక్కనని ఎత్తలేమా?

మాజీ జవాన్: గింజలా డబ్బా అని ఇంత వాదన అక్కర్లేదేమో సార్. మా సర్వీసులో రెండూ ఉండేవి. యూనిట్‌లో ఉన్నన్నాళ్ళు లంగరులో, అంటే మా వంటశాలలో, రేషన్ వంట, సెలవు మీద ఇంటికొస్తే ఆ రోజులకి రేషన్ బదులు డబ్బు. మనిషీ అతనే, హక్కూ అదే. దండు దగ్గర ఉంటే గింజలు, దూరంగా ఉంటే పైసలు. ఎత్తయిన కొండ మీది కాపలా పోస్టులో ఆ డబ్బు ఏ మూలకీ పనికిరాదు. పదిహేను వేల అడుగుల మీద నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, గిన్నెలో పప్పు ఎంతసేపు పెట్టినా గింజ గింజగానే ఉంటుంది. కుక్కర్ రబ్బరు పాడైందంటే పోస్టు మొత్తానికి టెన్షన్. కొత్త రబ్బరు పైకి చేరిన రోజు అందరి మొహాలూ వేరేగా ఉండేవి. ఉత్తరాలు వచ్చిన రోజు కన్నా ఎక్కువ సంతోషం అంటే నమ్మండి.

గంటం: నాకు పనికొచ్చే మాట ఇదే అన్నా. కానీ ఆ ‘త్తె’ ఇంకా తేలలేదు.

చేదబావి: భత్యె ఉండగా తేలనిదేముంది?

కావడి: తిండి కూలిగా మారిన ఇంకో మాట ఉంది, దాన్నీ చూడండి. సంబళం. సంస్కృత శంబలం అంటే దారికి కట్టుకునే తిండి. మనకొచ్చేసరికి కూలి, జీతం అయిపోయింది. బత్తెం నడిచిన దారి కూడా ఇదే.

చేదబావి: శంబలంలో ఉన్నది ల. సంబళంలో ళ. ఆ ళ ఎలా వచ్చిందో ముందు చెప్పండి, తర్వాత బత్తెం దగ్గరికి వద్దాం.

తాటాకు: ల మనవైపు ళ కావడం కొత్తేమీ కాదండీ. కన్నడంలోనూ తమిళంలోనూ ఇది ళకారమే.

చేదబావి: అందుకే అంటున్నా, అది సంస్కృతం నుంచి మనకి వచ్చిందా, మన నుంచి అటు వెళ్ళిందా అని.